నిమ్మతోటల నుంచి కరవాజ్జో దాకా: దక్షిణ ఇటలీపై మీ ప్రశ్నలు

గత సంచికలో సిసిలీ ద్వీపం గురించి వచ్చిన వ్యాసం మీద ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఆ వ్యాసంలో మాఫియా ప్రస్తావన ఒక్క వాక్యంలోనే ఉన్నా, ఉత్తరాలలో చాలా భాగం ఆ వాక్యాన్నే పట్టుకున్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: సినిమాలలో మాఫియా పెద్దలు ఎప్పుడూ నిండుగా వడ్డించిన బల్ల ముందు కూర్చుని, తింటూనే తీర్పులు చెబుతూ కనిపిస్తారు. వాళ్ళకు భోజనం మీద నిజంగా అంత ప్రీతి ఉంటుందా, లేక అది సినిమావాళ్ళ కల్పనా?

జవాబు: సిసిలీలోని కొర్లెయోనె అనే ఊరి దగ్గరి ఒక పాక గురించి చెబితే మీకు తేడా తెలుస్తుంది. సిసిలీ మాఫియా తనను తాను కోసా నోస్త్రా అని, అంటే ‘మన వ్యవహారం’ అని పిలుచుకుంటుంది. దాని అధినేత బెర్నార్దో ప్రొవెన్జానో నలభై మూడేళ్ళు పరారీలో ఉండి 2006 ఏప్రిల్ 11న పట్టుబడ్డాడు. పట్టుబడినది ఏ భవంతిలోనో కాదు, గొర్రెల కాపరి ఒకడు చీజ్ తయారు చేసుకునే పాకలో. భార్య ఇంటి నుంచి బయలుదేరిన ఉతికిన బట్టల మూట చేతులు మారుతూ ఎక్కడికి పోతున్నదో పోలీసులు ఓపికగా వెంబడిస్తే అది చివరికి ఆ పాకకు చేరింది. లోపల ఒక మంచం, బైబిళ్ళు, ఆజ్ఞలు కొట్టి పంపడానికి టైపు మిషన్లు, తినడానికి రికోత్తా, షికోరీ ఆకుకూర ఉన్నాయి. చీజ్ తీసేశాక మిగిలిన పాల తేటను మళ్ళీ కాస్తే పైకి తేలే మెత్తని విరుగుడే రికోత్తా. కోట్ల వ్యవహారాలు నడిపినవాడి వంటకం గొర్రెల కాపరి వంటకమే.

నిండు బల్ల కథ వల్ల లాభపడినవాళ్ళు వేరే ఉన్నారు. స్పెయిన్‌లో ఒక రెస్టారెంట్ల సంస్థ ‘మాఫియా భోజనానికి కూర్చుంటుంది’ అనే అర్థం వచ్చే పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసుకుని శాఖలు తెరిచింది. ఇటలీ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. 2018 మార్చిలో ఐరోపా సంఘపు న్యాయస్థానం ఇటలీ వాదనతో ఏకీభవించి, మనుషులను చంపిన సంస్థను కుటుంబ భోజనంలాగా సరదాగా చూపించే ఆ పేరు ప్రజానీతికి విరుద్ధమని, దానిని ట్రేడ్‌మార్క్‌గా ఉంచడానికి వీలులేదని తీర్పు చెప్పింది. ఇది మితిమీరిన సున్నితత్వమని కొందరు అన్నారు; నాకు అలా అనిపించలేదు. హంతకుల ముఠా పేరు బోర్డుగా పెట్టుకున్న హోటల్లో, చనిపోయినవాళ్ళ పిల్లలు భోజనానికి కూర్చోగలరా అన్నది చిన్న ప్రశ్న కాదు.

తిండి ఈ కథలోకి ఎంత ఇబ్బందిగా దూరుతుందో చెప్పే సంఘటన మరొకటి ఉంది. 2008 జనవరిలో సిసిలీ ప్రాంతీయ ప్రభుత్వ అధ్యక్షుడు సాల్వతోరె కుఫ్ఫారోకు, మాఫియాతో సంబంధమున్న వ్యక్తులకు సహాయం చేశాడన్న నేరానికి కింది కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసింది. మాఫియా సంస్థకే మేలు చేశాడన్న తీవ్రమైన ఆరోపణను మాత్రం ఆ కోర్టు అప్పటికి ఒప్పుకోలేదు. మర్నాడు ఆయన కన్నోలి పళ్ళెంతో ఉన్న ఫొటో పత్రికలలో వచ్చింది. కన్నోలి అంటే వేయించిన గొట్టంలో తీపి రికోత్తా నింపిన సిసిలీ మిఠాయి. శిక్ష పడితే నోరు తీపి చేసుకున్నాడని దేశమంతా భగ్గుమంది. కొద్ది రోజులలో ఆయన రాజీనామా చేశారు. పై కోర్టులలో శిక్ష ఏడేళ్ళకు పెరిగి, 2011లో జైలుకు వెళ్ళారు.

ప్రశ్న: మాఫియా, కమోర్రా, ఇంకా నోరు తిరగని పేరొకటి పత్రికలలో కనబడుతుంది. ఇవన్నీ ఒకటేనా?

జవాబు: ఒకటి కావు. కోసా నోస్త్రా సిసిలీది. కమోర్రా నేపుల్స్‌ది, దాని చుట్టూ ఉన్న కంపానియా ప్రాంతానిది; దానికి ఒక శిఖరం లేదు, పేటకొక ముఠా ఉంటుంది. మీరన్న నోరు తిరగని పేరు ఎన్‌డ్రాంగెతా. అది బూటు ఆకారంలో ఉండే ఇటలీకి బొటనవేలి వైపున్న కలాబ్రియాది, రక్తసంబంధాల మీద కట్టుకున్నది కనుక లోపలివాళ్ళు నోరు విప్పడం చాలా అరుదు. మడమ వైపున్న పూల్యాలో సాక్రా కొరోనా ఉనీతా అనే మరొకటి ఉంది. చట్టం దృష్టిలో మాత్రం నాలుగూ ఒకే సెక్షన్ కిందికి వస్తాయి. ఆ సెక్షన్‌ను 1982లో చేర్చారు. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన సిసిలీ కమ్యూనిస్టు నాయకుడు పియో లా తోర్రెను ఆ ఏడాది ఏప్రిల్‌లో, సిసిలీ రాజధాని పలేర్మోకు ప్రిఫెక్టుగా, అంటే కేంద్ర ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన జనరల్ దల్లా కియేజాను సెప్టెంబరులో చంపిన తరువాతనే పార్లమెంటుకు చురుకు పుట్టింది.

కలాబ్రియా పద్ధతి ఎలాంటిదో తెలియాలంటే సాన్ లూకా అనే కొండ ఊరి పగ చూడండి. 1991 ఫిబ్రవరిలో కార్నివాల్ సంబరంలో కుర్రవాళ్ళు కోడిగుడ్లు విసిరారు. ఆ గుడ్ల గొడవ రెండు కుటుంబవర్గాల మధ్య హత్యలుగా మారి, పదహారేళ్ళు రగిలి, 2007 ఆగస్టు 15న జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఒక ఇటాలియన్ రెస్టారెంట్ ముందు ఆరుగురి శవాలుగా తేలింది. జర్మనీ పోలీసులకు ఎన్‌డ్రాంగెతా అన్న పేరు అప్పుడు బాగా తెలిసివచ్చింది.

ప్రశ్న: మాదక ద్రవ్యాలలో అంత డబ్బు ఉన్నప్పుడు వీళ్ళకు తిండి వ్యాపారంతో, చిన్న చిన్న దుకాణాలతో పనేమిటి?

జవాబు: ఈ ప్రశ్నకు జవాబు మాదక ద్రవ్యాల కంటే పాతది. అది నిమ్మకాయలతో మొదలవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో సముద్ర ప్రయాణాలు చేసేవాళ్ళకు చిగుళ్ళ నుంచి రక్తం కారి చనిపోయే స్కర్వీ వ్యాధికి నిమ్మజాతి రసం మందని తేలింది. బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం పంచడం మొదలుపెట్టాక నిమ్మకు గిరాకీ పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో పలేర్మో చుట్టూ ఉన్న మైదానం, దానిని ‘బంగారు చిప్ప’ అనే అర్థంలో కొంకా దోరో అంటారు, ఐరోపాలోనే అత్యంత లాభమిచ్చే సాగుభూములలో ఒకటి అయ్యింది. అయితే నిమ్మతోట పెట్టడానికి చాలా పెట్టుబడి కావాలి. ప్రహరీ కట్టాలి, నీరు తోడాలి, మొక్క కాపుకు వచ్చేదాకా ఏళ్ళు ఆగాలి. రాత్రికి రాత్రి నాలుగు చెట్లు నరికితే, లేదా కాలువ నీరు మళ్ళిస్తే ఆ పెట్టుబడి అంతా పోతుంది. సర్కారు బలహీనం, పోలీసులు దూరం. కాబట్టి కాపలాదారు కావాలి. ఆ కాపలాదారును ఎవరు పెట్టాలో తోట యజమాని చేతిలో లేకుండా పోయిన రోజున మాఫియా పుట్టిందని ఆర్థిక చరిత్రకారులు కొందరు వాదిస్తారు. ఇది నన్ను బాగా ఒప్పించిన వాదన.

ఒక తోట కథ ఆ రోజులలోనే ప్రభుత్వ కాగితాలకెక్కింది. గాస్పారె గలాతి అనే శస్త్రచికిత్స వైద్యుడికి 1872లో పలేర్మో శివారులో నాలుగు హెక్టార్ల నిమ్మతోట బాధ్యత వచ్చింది. ఆవిరి యంత్రంతో నీరు తోడే ఆధునిక తోట అది. కాపలాదారు పంట అమ్మకంలో ఇరవై, ఇరవై ఐదు శాతం దాకా తన జేబులో వేసుకోవడమే కాక, వ్యాపారులు బయానా ఇచ్చిన కాయలను ముందే మాయం చేసి తోటకు చెడ్డపేరు తెస్తున్నాడు. విలువ పడిపోతే తోటను తనే చవకగా కొట్టేయాలని అతని లెక్క. కంచే చేను మేయడం మనకు సామెత. అక్కడ అది వ్యాపార పద్ధతి. గలాతి అతనిని తీసేసి వేరొకరిని పెట్టుకున్నాడు. 1874 జూలైలో కొత్త కాపలాదారు మీద వెనుక నుంచి కాల్పులు జరిగాయి. తరువాత బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదులు ఎటూ పోలేదు. మరుసటి ఏడాది ఆ వైద్యుడు తోటనూ, పలేర్మోనూ వదిలి కుటుంబంతో నేపుల్స్ చేరుకుని, జరిగినదంతా హోంమంత్రికి నివేదికగా రాశాడు. 1876లో సిసిలీ మీద పరిశీలన చేసిన లెయోపోల్దో ఫ్రాంకెత్తి దీనికి ‘హింసా పరిశ్రమ’ అని పేరు పెట్టాడు. పరిశ్రమ అన్న మాట ఊరికే వాడలేదు. దానికి పెట్టుబడి, పనివాళ్ళు, లాభం అన్నీ ఉన్నాయి.

ఆ తోటలు ఇప్పుడు చాలామటుకు లేవు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత 1950లలో, 60లలో పురపాలక పెద్దలు, బిల్డర్లు, మాఫియా కలిసి కొంకా దోరోను కాంక్రీటుతో నింపేశారు. పలేర్మోవాళ్ళు దానిని ‘పలేర్మో కొల్లగొట్టుడు’ అనే చెబుతారు. ఎర్నెస్తో బజీలె కట్టిన విల్లా దెలియెల్లా అనే అందమైన భవనాన్ని 1959 నవంబరులో, రక్షిత కట్టడం కాబోయే తరుణంలో రాత్రికి రాత్రి కూల్చారు. ఆ స్థలం ఏళ్ళ తరబడి కార్ల పార్కింగ్‌గా మిగిలింది.

తోటలు పోయినా కాపలా పేరుతో వసూలు పోలేదు. ఇప్పుడది దుకాణాల దగ్గర జరుగుతుంది. దాని పేరు పిట్సో. సిసిలీ మాటలో పిట్సు అంటే పక్షి ముక్కు. ‘ముక్కు తడుపుకోనివ్వడం’ అంటే వాటా పెట్టడం. మన చెయ్యి తడపడానికి ఇది దగ్గరి చుట్టమే, అయితే చెయ్యి తడిపేది పని జరగడానికి, ముక్కు తడిపేది దుకాణం తగలబడకుండా ఉండడానికి. సొమ్ము ఒక్కోచోట చిన్నదే ఉంటుంది, కొన్నిచోట్ల డబ్బుకు బదులు ‘ఫలానా వాడి దగ్గరే కాఫీ గింజలు కొను, ఫలానా వాడి దగ్గరే రొట్టె తీసుకో’ అన్న ఆజ్ఞ ఉంటుంది. ఇక్కడ లాభం కంటే ముఖ్యమైనది హాజరు. నెల తిరిగేసరికి పేటలో ప్రతి తలుపూ తట్టే హక్కు ఎవరికి ఉందో, ఆ పేటలో ప్రభుత్వం ఎవరో తెలుస్తుంది. మాదక ద్రవ్యాలు డబ్బు ఇస్తాయి కానీ ఆ హోదా ఇవ్వవు.

లిబెరో గ్రాస్సి అనే పలేర్మో బట్టల తయారీదారు 1991 జనవరి 10న స్థానిక పత్రికలో, తనను బెదిరిస్తున్నవాడిని ఉద్దేశించి, తాను చెల్లించనని బహిరంగంగా ఉత్తరం రాశాడు. తోటి వ్యాపారులు ఆయన పక్కన నిలబడలేదు. పరువు బజారున పడేశాడని కొందరు విసుక్కున్నారు కూడా. ఆగస్టు 29న ఇంటి దగ్గరి వీధిలో ఆయనను కాల్చి చంపారు. ఏటా అదే రోజున ఆయన కుటుంబం ఆ కాలిబాట మీద ఎర్ర రంగు పోస్తుంది. ఫలకం పెడితే ఎవరూ చూడరు, రంగును దాటుకుంటూ నడవాలి కదా.

పదమూడేళ్ళకు, 2004 జూన్ 29 ఉదయం పలేర్మో గోడల నిండా చిన్న కాగితాలు కనిపించాయి. మరణవార్త పత్రికల్లాగా నల్లటి అంచుతో ఉన్నాయి. ‘పిట్సో చెల్లించే ప్రజ మొత్తం ఆత్మగౌరవం లేని ప్రజ’ అని వాటి మీద అచ్చయ్యింది. అంటించినది ఒక పబ్ పెట్టుకుందామనుకున్న కుర్రవాళ్ళు. ఖర్చుల లెక్క వేస్తూ ‘మరి పిట్సో అడిగితే?’ అన్న చోట ఆగిపోయినవాళ్ళు. వాళ్ళ సంస్థ పేరు అద్దియోపిట్సో, అంటే పిట్సోకు వీడ్కోలు. చెల్లించని దుకాణాల జాబితా వేసి, కొనేవాళ్ళను అక్కడికే వెళ్ళమన్నారు. 2006లో నూరు దుకాణాల దగ్గర మొదలైన జాబితా తరువాత వెయ్యి దాటింది. దుకాణదారుకు ధైర్యం నూరిపోసే బదులు అతనికి గిరాకీ తెచ్చిపెట్టడం వాళ్ళ తెలివి.

పలేర్మోలో 1834 నుంచి నడుస్తున్న ఫొకాచెరియా సాన్ ఫ్రాంచెస్కో అనే తినుబండారాల దుకాణం యజమాని కోర్టులో నిలబడి తనను బెదిరించినవాళ్ళను చెయ్యి చూపి గుర్తుపట్టాడు. ఆ తరువాత ఆయన పోలీసు రక్షణలో బతకవలసి వచ్చింది. ఆ దుకాణంలో ప్రసిద్ధమైనది దూడ ప్లీహం, ఊపిరితిత్తి ఉడికించి, పంది కొవ్వులో వేయించి గుండ్రటి రొట్టెలో పెట్టి ఇచ్చే పని కా మేవుసా. నిమ్మకాయ పిండి ఊరుకుంటే అది ‘పెళ్ళికానిది’, పైన రికోత్తా, తురిమిన చీజ్ వేస్తే ‘పెళ్ళయినది’ అంటారు. శాకాహారులు పక్కనే దొరికే పనెల్లె తినవచ్చు. అది శనగపిండి ఉడికించి, పలకలుగా కోసి, వేయించినది.

ప్రశ్న: డబ్బా టమాటా గుజ్జు, మొజరెల్లా చీజ్ వెనుక కూడా ముఠాలే ఉంటాయని చదివాను. అంటే తినకూడదా?

జవాబు: తినకూడదని నేను అనను, ఎవరు కోశారో తెలుసుకోవాలి. పూల్యాలో ఫొజ్జా చుట్టూ టమాటా కోతలకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆఫ్రికా, తూర్పు ఐరోపా కూలీలు. వాళ్ళను పొలానికి చేర్చే మేస్త్రీని కపొరాలె అంటారు. మూడు వందల కిలోలు పట్టే పెట్టె నింపితే మూడు, నాలుగు యూరోలు ఇచ్చి, అందులోనే వ్యాను ఛార్జీ, నీళ్ళ సీసా డబ్బులు కోసుకునే పద్ధతి అది. మేస్త్రీలందరూ మాఫియావాళ్ళు కారు. మాఫియా నిలబడడానికి కావలసిన నేల మాత్రం అదే. 2010 జనవరిలో కలాబ్రియాలోని రొజార్నోలో నారింజ కోసే ఆఫ్రికా కూలీల మీద కాల్పులు జరిగి, వాళ్ళు తిరగబడ్డారు. 2015 వేసవిలో పూల్యాలో ద్రాక్షతోటలో పనిచేస్తూ ఒక ఇటాలియన్ మహిళ చనిపోయాక, 2016లో మేస్త్రీతో పాటు పని చేయించుకున్న యజమానిని కూడా శిక్షించే చట్టం వచ్చింది.

మొజరెల్లా విషయం వేరు. నేపుల్స్‌కు ఉత్తరాన ఉన్న పొలాలలో కమోర్రా ముఠాలు ఏళ్ళ తరబడి ఉత్తరాది కర్మాగారాల వ్యర్థాలను చవకగా తెచ్చి పూడ్చాయి, తగలబెట్టాయి. ఆ ప్రదేశానికి ‘మంటల నేల’ అన్న పేరే స్థిరపడింది. 2008లో మొజరెల్లా చేసే కొన్ని గేదెల పాలలో డయాక్సిన్ అనే విషపదార్థం పరిమితికి మించి కనిపించడంతో జపాన్, దక్షిణ కొరియా కొంతకాలం దిగుమతి ఆపాయి. ఆ పశుశాలలను మూశారు, తనిఖీలు గట్టిపడ్డాయి. నష్టపోయినవాళ్ళలో ఎక్కువమంది ఏ పాపమూ ఎరుగని రైతులు.

ప్రశ్న: గత సంచికలో మీరు చిత్రకారుడు కరవాజ్జో ‘క్రీస్తు జననం’ చిత్రాన్ని 1609లో పలేర్మోలో వేశాడని రాశారు. అది ఇప్పుడు ఒప్పుకోవడం లేదనుకుంటాను. పైగా అమ్మడానికి వీలులేని చిత్రాన్ని దొంగలు ఎందుకు ఎత్తుకుపోయారో కూడా చెప్పలేదు.

జవాబు: మీ సవరణకు ధన్యవాదాలు. చిత్రాన్ని 1600లో రోమ్‌లో వేసి పలేర్మోకు పంపారని ఇప్పుడు చాలామంది పండితులు అంటున్నారు. పొరపాటు మాదే.

ఆ చిత్రం సాన్ లొరెన్జో ప్రార్థనా మందిరంలో బలిపీఠం పైన ఉండేది. మందిరం చిన్నది. గోడలన్నీ జాకొమో సెర్పొత్తా తీర్చిన తెల్లటి సున్నపు బొమ్మలు. ఆ తెలుపు మధ్య ఈ ఒక్క చిత్రమే చీకటిగా ఉండేది. ఇందులో శిశువు తొట్టెలో కాదు, నేల మీద గడ్డిలో ఉంటాడు. తల్లి ప్రసవించి అలసిపోయిన మామూలు మనిషిలాగా కూలబడి చూస్తుంటుంది. పైనుంచి దేవదూత దాదాపు తలకిందులుగా దిగుతాడు. 1969 అక్టోబరులో ఒక రాత్రి దొంగలు వచ్చి, సుమారు రెండున్నర మీటర్లకు పైగా ఎత్తున్న ఆ చిత్రాన్ని చట్రం నుంచి కత్తితో కోసి తీసుకుపోయారు. అది ఇంతవరకు దొరకలేదు.

లొంగిపోయిన మాఫియావాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పారు. ఒకడు పాడైపోతే తగలబెట్టామన్నాడు. ఇంకొకడు పశువుల పాకలో పెడితే ఎలుకలు, పందులు కొరికి తినేశాయన్నాడు. మరొకడు ముక్కలు చేసి స్విట్జర్లాండ్ వ్యాపారికి అమ్మారన్నాడు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. మూడూ ఒకేసారి నిజం కాలేవు. 2015 డిసెంబరులో అసలు చిత్రపు పాత ఫొటోల ఆధారంగా తయారు చేసిన నకలును అదే స్థానంలో వేలాడదీశారు.

ఎందుకు ఎత్తుకుపోతారన్నది మంచి ప్రశ్న. అమ్మడానికైతే అది తెలివితక్కువ దొంగతనం, ఎందుకంటే ప్రపంచమంతా గుర్తుపట్టే వస్తువును బహిరంగంగా కొనేవాడు ఉండడు. అమ్మకపోయినా దానికి మరో విలువ ఉంది. కుదువ పెట్టవచ్చు, పెద్దరికానికి గుర్తుగా దాచుకోవచ్చు, రేపు జైలులో పడితే సర్కారుతో బేరానికి పనికొస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2002 డిసెంబరులో పోయిన రెండు వాన్ గో చిత్రాలు 2016 సెప్టెంబరులో నేపుల్స్ పక్కనున్న కాస్తెల్లమ్మారె ది స్తాబియాలో, కమోర్రాకు చెందిన మాదక ద్రవ్యాల వ్యాపారి ఒకడికి సంబంధించిన ఇంట్లో, చట్రాలు లేకుండా, గుడ్డలో చుట్టి దొరికాయి. వాటిని పద్నాలుగేళ్ళు ఎవరూ గోడకు తగిలించుకోలేదు.

ఇది సిసిలీలో కుటుంబ వృత్తిగా కూడా సాగింది. 1962లో కాస్తెల్వెత్రానో పురపాలక భవనం నుంచి సెలినుంతె యువకుడని పేరున్న, క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దపు కంచు విగ్రహం పోయింది. 1968లో ఇటలీ నడిమి ఊరు ఫొలిన్యోలో దొరికింది. ఆ దొంగతనం వెనుక ఆ ప్రాంతపు మాఫియా పెద్ద ఫ్రాంచెస్కో మెస్సీనా దెనారో ఉన్నాడని చెబుతారు. ముప్ఫై ఏళ్ళు పరారీలో ఉండి 2023 జనవరిలో పలేర్మో ఆసుపత్రి దగ్గర పట్టుబడి, ఆ సెప్టెంబరులోనే చనిపోయిన మత్తెయో అతని కొడుకు.

ఆ కొడుకుకు శిక్ష పడ్డ నేరాలలో 1993 బాంబు దాడులు ఉన్నాయి. అంతకు ముందు ఏడాది మాఫియా కేసులు నడిపిన న్యాయమూర్తులు ఫల్కొనె, బొర్సెల్లీనోలను పేల్చి చంపాక ప్రభుత్వం మాఫియా ఖైదీలను కఠినమైన ఏకాంతంలో పెట్టింది. దానికి ప్రతీకారంగా మాఫియా కళాసంపద మీద పడింది. న్యాయమూర్తిని చంపితే ఆ కుర్చీలోకి ఇంకొకరు వస్తారు, పీసా గోపురం పడిపోతే మరొకటి రాదు అన్న ఆలోచన వాళ్ళ మధ్య నడిచినట్టు కోర్టు సాక్ష్యాలలో ఉంది. మే 27 అర్ధరాత్రి దాటాక ఫ్లోరెన్స్‌లో ఉఫ్ఫీత్సి అనే చిత్రాల మ్యూజియం పక్క సందులో వ్యాను నిండా పేలుడు పదార్థం పేలి ఐదుగురు చనిపోయారు; వాళ్ళలో తొమ్మిదేళ్ళ పాప, ఆమె యాభై రోజుల చెల్లెలు ఉన్నారు. మ్యూజియంలో మూడు చిత్రాలు ధ్వంసమయ్యాయి. వాటిలో పేకాట ఆడేవాళ్ళను చూపే చిత్రాన్ని పీలికలు ఏరి అతికించి పాతికేళ్ళకు మళ్ళీ జనం ముందు పెట్టారు.

ఈ చీకటి మధ్య నవ్వు తెప్పించేది కూడా ఒకటుంది. రెజ్జో కలాబ్రియాలో, వీడియో పోకర్ మిషన్లతో సంపాదించిన ఒక వ్యాపారి దగ్గర జప్తు చేసిన చిత్రాలు ఇప్పుడు సాంస్కృతిక భవనంలో జనం చూడడానికి ఉన్నాయి. దాలీ, దె కీరికో, ఫొంతానా వంటి పెద్ద చిత్రకారుల పేర్లు కనిపిస్తాయి. నిపుణులు పరీక్షిస్తే కొన్ని నకిలీవని తేలింది. ఆ నకిలీలను కూడా ‘నకిలీ’ అని చెప్పి ప్రదర్శించారు. దొంగ సొమ్ముతో కొన్నవాడిని దొంగ బొమ్మలతో ముంచినవాడు ఎవడో!

ప్రశ్న: సిసిలీ కళాకారులు దీని గురించి మాట్లాడలేదా? చిత్రకారుడు గుత్తూజో వేసిన ‘వుచ్చిరియా’లో నాకు ఎక్కడా ఆ ఛాయ కనబడలేదు.

జవాబు: కనబడదు, మీరు సరిగ్గానే చూశారు. రెనాతో గుత్తూజో 1974లో మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తున వేసిన ఆ చిత్రంలో పలేర్మోలోని వుచ్చిరియా సంత ఉంది: వేలాడే పశువు కళేబరం, కత్తిచేప, గుడ్లు, నారింజలు, తెల్ల గౌనులో వెనక్కి తిరిగి నడిచే స్త్రీ. ఇంత ఇరుకు సందులో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నాకు ఆ చూడకపోవడంలోనే ఏదో ఉందనిపిస్తుంది, కానీ అది నా ఊహ. చిత్రం ఇప్పుడు పలేర్మోలో స్తేరి భవనంలో ఉంది. ఆ సంత నేల పలకలు ఎప్పుడూ తడిగా ఉండేవి. ఎన్నటికీ జరగని పనిని ‘వుచ్చిరియా పలకలు ఆరినప్పుడు’ అనేవాళ్ళు. సంత చిక్కిపోయి ఇప్పుడు పలకలు ఆరిపోయాయి.

నేరుగా చూసినది లెతీత్సియా బత్తాల్యా. పలేర్మో సాయంకాల పత్రిక ‘లోరా’కు ఆమె తీసిన నలుపు తెలుపు ఫొటోలలో నెత్తుటి కాలిబాటలు, ఏడ్చే తల్లులు ఉంటారు. 1979లో ఆ ఫొటోలను కొర్లెయోనె చౌరస్తాలోనే నిలబెట్టి చూపింది. జనం చూసి, మాట్లాడకుండా తప్పుకున్నారు. 1980 జనవరి 6న సిసిలీ ప్రాంతీయ అధ్యక్షుడు పియెర్సాంతి మత్తరెల్లాను కారులో కాల్చినప్పటి ఫొటో కూడా ఆమెదే. ఆ కారులోంచి అన్నను బయటికి తీస్తున్న తమ్ముడు సెర్జో 2015లో ఇటలీ దేశాధ్యక్షుడయ్యాడు.

ప్రశ్న: మాఫియా నుంచి జప్తు చేసిన పొలాలలో పండినవి కొనవచ్చని విన్నాను. ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: 1995లో దొన్ లుయీజి చోత్తి అనే పాదిరీ స్థాపించిన మాఫియా వ్యతిరేక సంస్థ లిబెరా పదిలక్షల సంతకాలు సేకరించింది. దాని ఫలితంగా 1996లో, జప్తు చేసిన ఆస్తిని సమాజ అవసరాలకు ఇచ్చే చట్టం వచ్చింది. 2001లో సిసిలీలో ఏర్పడిన సహకార సంఘానికి, 1948లో కొర్లెయోనెలో హత్యకు గురైన రైతుసంఘ నాయకుడు ప్లాచిదో రిత్సొత్తో పేరు పెట్టారు. మొదటి కోతకు యంత్రాలు అద్దెకివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. కోతకొచ్చిన చేలు తగలబడిన సందర్భాలు కూడా ఉన్నాయి. జప్తు చేసిన ఇళ్ళు చాలా ఇప్పటికీ తాళాలతో పడి ఉన్నాయి, కాగితాలు కదలడానికి ఏళ్ళు పడుతుంది. కనుక దీనిని పూర్తయిన విజయంగా అనుకోకండి.

కమోర్రాను ఎదిరించి రాసినందుకు 1994 మార్చి 19న దొన్ పెప్పె దియానా అనే పాదిరీని చర్చిలోనే చంపిన ఊరు కసాల్ ది ప్రించిపె. అక్కడ ఒక ముఠావాడి నుంచి జప్తు చేసిన ఇంటిలో 2015 వేసవిలో ఉఫ్ఫీత్సి మ్యూజియం తన చిత్రాలు తెచ్చి ప్రదర్శన పెట్టింది. చూడవచ్చినవాళ్ళకు వివరించినది ఆ ఊరి యువతీయువకులే. అదే ప్రాంతంలో ఒక సహకార సంఘం భోజనశాల నడుపుతోంది, మానసిక సమస్యలున్నవాళ్ళు అక్కడ వండి వడ్డిస్తారు. 1970లలో రఫాయెలె కుతొలో కట్టిన ముఠా పేరు ‘నువోవా కమోర్రా ఒర్గనిద్జాతా’, వ్యవస్థీకృత కొత్త కమోర్రా. భోజనశాల పేరు ‘నువోవా కుచీనా ఒర్గనిద్జాతా’, వ్యవస్థీకృత కొత్త వంటగది. పొడి అక్షరాలలో రెండూ ఒకటే.

మీ ప్రశ్నకు వస్తే, లిబెరా తెర్రా అన్న గుర్తు వెతకండి. పాస్తా, టమాటా గుజ్జు, ఆలివ్ నూనె, ద్రాక్షసారా ఆ పేరుతో వస్తాయి. సరుకు మాఫియాల నుంచి విముక్తమైన నేలలదని వాటి మీదే అచ్చు వేసి ఉంటుంది.